హీటర్ ఫైలులో లేని మూడు లైన్లు

మదనపల్లె,
18 ఫిబ్రవరి 2025, మంగళవారం.

స్నేహితురాలు కుసుమకు,

మదనపల్లె నుంచి షాహిదా సలాం చెప్పి రాస్తున్నది. ఇక్కడ అబ్బా, అమ్మీ, నేను క్షేమం. అబ్బా కంటికి ఆపరేషన్ అయింది, సూదిలో దారం మళ్లీ తనే ఎక్కించుకుంటున్నాడు. కుప్పంలో నువ్వు ఆరోగ్యంగా ఉన్నావనీ, రోజూ రైలెక్కి మాలూరు ఫ్యాక్టరీకి పోయి వస్తున్నావనీ మీ నాయన చెప్పాడు. ఈ అడ్రసు ఇచ్చింది కూడా ఆయనే. ఆయన్ను నేనెందుకు కలిశానో కింద రాస్తాను. అది చదివేదాకా ఈ కాగితం చించొద్దు. తర్వాత నీ ఇష్టం.

నీకు ఫోన్ చేసే ధైర్యం లేదు. నా నంబరు నువ్వు ఎప్పుడో బ్లాక్ చేసి ఉంటావు. చేసి ఉంటే మంచి పని చేశావు.

ఇప్పుడు నేను పుంగనూరులో ఒక పాలిటెక్నిక్‌లో చెప్తున్నాను. ఉదయం ఏడున్నర బస్సుకు పోయి సాయంత్రానికి ఇల్లు చేరతాను. మనం పట్టుపురుగుల గదులకు వేడి మిషన్లు చేసిన గురుమూర్తి సార్ కంపెనీ మూతపడి మూడేళ్లయింది. నీరుగట్టువారిపల్లెలో మన ఆఫీసు ఉండిన మేడ మీద ఇప్పుడు చీరలకు కుచ్చులు కట్టే ఆడవాళ్లు కూర్చుంటారు. కింద మగ్గాల చప్పుడు మాత్రం అట్లే ఉంది. ఒకసారి ఆ వీధిలో పోతూ తలెత్తి చూశాను. మన కిటికీ దగ్గర ఎవరో ఒకామె పళ్లతో దారం తెంపుతూ ఉంది. ఎందుకో అక్కడ నిలబడలేకపోయాను.

అసలు సంగతికి వస్తాను.

పోయిన నెల ల్యాబులో పిల్లలకు డిస్‌అసెంబ్లీ చెప్తున్నాను. మనం రాసే కోడు మనుషులు చదివేది. దాన్ని కంపైల్ చేస్తే ఆబ్జెక్ట్ ఫైలు వస్తుంది, చిప్పు చదివేది దాన్ని. ఆబ్జ్‌డంప్ అని ఒక కమాండు ఉంది. నల్ల తెర మీద ఆ పేరు కొట్టి, ఒక చిన్న గీత, డి అక్షరం, ఫైలు పేరు ఇస్తే, ఆ ఆబ్జెక్ట్ ఫైలు లోపల నిజంగా ఏముందో ఒక్కొక్క వరుసగా విప్పి చూపిస్తుంది. నీకిది కొత్త కాదు. సోల్డరింగ్ మధ్యలో నా పక్కకొచ్చి, నీ కోడు పేగులు తీసి చూపించు షాహీ అని నవ్వేదానివి.

పిల్లలు విప్పి చూడటానికి పాత ప్రాజెక్టుల ఫోల్డరు ఒకటి ఇచ్చాను. అర్చన అని పెద్దతిప్పసముద్రం అమ్మాయి, ఏదీ ఊరికే వదలదు, అందులోంచి హీటర్ అనే ఫైలు ఎంచుకుంది. ఒక పక్క నేను రాసిన కోడు, ఒక పక్క విప్పిన ఆబ్జెక్ట్ ఫైలు పెట్టుకుని గీత గీతకు పోల్చుకుంటూ వచ్చి, ‘మేడమ్, కోడులో మైనస్ నూట ఇరవై ఏడు అని మూడు లైన్లు ఉండాయి. ఈడ అవి లేవు. యాడ పోయినాయి?’ అని అడిగింది.

వంగి చూశాను. గది వేడి ఇరవై ఏడు కంటే తక్కువైతే హీటర్ వెయ్యి అనే వరుస ఉంది. ఇరవై ఏడు చిప్పు లెక్కలో 1బి, అది కనిపిస్తోంది. మైనస్ నూట ఇరవై ఏడైతే 81 అని కనిపించాలి. పై నుంచి కిందికి ఎక్కడా 81 లేదు.

ఆ మూడు లైన్లు ఏవో నీకు చెప్పాల్సిన పని లేదు. సెన్సర్ తీగ తెగితే మిషనుకు మైనస్ నూట ఇరవై ఏడు అని అందుతుంది. అట్లా అందితే హీటర్ ఆపేసి అలారం కొట్టమని ఆ మూడు లైన్లు. అవి లేకపోతే మిషను ఆ అంకెను చూసి గది మంచుగడ్డలా ఉందనుకుంటుంది. వేడి చేస్తూనే ఉంటుంది, ఎవరో వచ్చి ఆపేదాకా.

మీ గంగులమ్మ అత్త పసి పురుగుల్ని సాకే చాకీ గదిలో జరిగింది అదే కుసుమా. తప్పు నాది. నీది కాదు.

అవి ఎట్లా పోయాయో చెప్తాను. అత్త ఇంట్లో మిషను పెట్టడానికి మూడు వారాల ముందు, చూడటానికి రైతులు వస్తున్నారని గురుమూర్తి సార్ ఆఫీసులో డెమో పెట్టాడు గుర్తుందా. బల్ల మీది సెన్సర్ పిన్ను వదులుగా ఉండి అలారం ఊరికూరికే కూసింది. సార్ నా చెవి దగ్గరకొచ్చి ‘ఆ కూత ఆపమ్మా, పరువు పోతాది’ అన్నాడు. నేను ఆ మూడు లైన్లు తీసేసి కంపైల్ చేసి ఎక్కించాను. డెమో బాగా అయింది. సార్ అందరికీ బోండాలు తెప్పించాడు. మరునాడు పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న పాత కోడును మళ్లీ దాని చోట పెట్టాను. తెర మీద మూడు లైన్లూ కనిపించాయి, సరిపోయిందనుకున్నాను. కానీ పెన్‌డ్రైవ్ ఫైలు తేదీ పాతది, డెమో కోసం చేసిన ఆబ్జెక్ట్ ఫైలు తేదీ కొత్తది. తేదీలు చూసి పని చేసే ఆ బిల్డు ప్రోగ్రాము, కోడు పాతదేలే, మళ్లీ కంపైల్ చేసే పని లేదు అనుకుని వదిలేసింది. కాగితం మీద అలారం ఉంది. చిప్పులో లేదు. ఆ చిప్పునే నువ్వు నమ్మకంగా జేబులో పెట్టుకుని మీ ఊరికి తీసుకుపోయావు.

గంగులమ్మ అత్తను ఒప్పించడానికి నువ్వెంత తిరిగావో నాకు తెలుసు. గుడ్డు పగిలి నల్ల చీమల్లా వచ్చే పురుగుల్ని రెండో జ్వరం లేచేదాకా, అంటే రెండోసారి పొర విడిచేదాకా సాకి, చుట్టుపక్కల పదకొండు ఇళ్ల వాళ్లకు ఇచ్చే మనిషి ఆమె. కుంపట్లు పెట్టి, చేత్తో గోడ తాకి వేడి చెప్పగలిగే మనిషి. ఆమె చేత కుంపట్లు తీయించింది నువ్వు. ‘నా మేనకోడలు చేసిన మిషను’ అని ఆమె అందరికీ చూపించుకునేది.

ఆ నవంబరు ముసురు రోజు నేను అక్కడ లేను. నువ్వు చెప్పిందే నాకు తెలుసు. పదకొండు ఇళ్ల వాళ్లూ మరునాడు పురుగులు తీసుకుపోవాలి. అత్త పొద్దున మేత వేసి, మల్బరీ ఆకు కోసుకు రావడానికి పోయింది. కిటికీ సందులో సెన్సర్ తీగ అతుకు వదిలింది. ఎలుక లాగిందో, తడికి టేపు ఊడిందో. మధ్యాహ్నం వచ్చి తలుపు తీస్తే మొహానికి సెగ కొట్టిందట. ట్రేలలో ఒక్కటి కదల్లేదట. అలారం కొట్టలేదు, హీటర్లు మాత్రం ఎర్రగా వెలుగుతున్నాయట.

నాలుగో రోజు పాల సెంటరు వసారాలో పదకొండు ఇళ్ల వాళ్లూ కూర్చున్నారు. గురుమూర్తి సార్ నిన్నూ నన్నూ తీసుకుపోయాడు. అప్పుడు నువ్వు అడిగిన మాట నాకు అక్షరం పోకుండా గుర్తుంది. ‘తీగ ఊడింది, ఆ అతుకు నాదే, ఒప్పుకుంటాండాను. కానీ ఊడితే మిషను ఆగిపోవాల కదా షాహిదా, నువ్వే కదా చెప్పినావు?’ అన్నావు. నేను సంచిలోంచి కోడు కాగితం తీసి, ఆ మూడు లైన్ల కింద వేలు పెట్టి, అందరికీ చూపించి, కోడులో ఉంది, సరిగ్గానే ఉంది అన్నాను.

అంతే కదా నేను అన్నది. నీ మీద ఒక్క మాట వేయలేదు. వేసే పని లేకపోయింది. కోడు సరిగ్గా ఉంటే హీటర్ ఆగకపోవడానికి ఇంకొక్క కారణమే ఉంది కాబట్టి, అది సార్ చెప్పేశాడు. పని తొందరగా తెమలాలని నువ్వు హీటర్‌ను మిషనుతో పని లేకుండా నేరుగా కరెంటుకు కలిపేసి ఉంటావన్నాడు. నువ్వు ‘నేను డైరెక్టుగా ఇయ్యలేదు, దేవుని తోడు ఇయ్యలేదు’ అన్నావు. అప్పటికే ఆ గదిలో వైర్లన్నీ ఎవరో పీకి పారేశారు, చూపించడానికి ఏమీ మిగల్లేదు. గంగులమ్మ అత్త నీ వైపు చూడకుండా కొంగు సవరించుకుంది. మీ నాయన బాలప్ప లేచి, కండువా తీసి చేత్తో పట్టుకుని, ఒక్కొక్కరికీ దండం పెట్టాడు. నా బిడ్డ చేసిన తప్పుకు నన్ను మన్నించండి అన్నాడు. నువ్వు ఆయన్ను చూడలేదు. నన్నే చూస్తున్నావు. నేను కాగితం మడత పెట్టుకుంటున్నాను.

ఆ వారమే సార్ నిన్ను రావద్దన్నాడు. నీ స్క్రూడ్రైవర్ల డబ్బా తీసుకోవడానికి వచ్చినప్పుడు నేను టీ తాగే నెపంతో కిందికి దిగిపోయాను.

అర్చన అడిగిన రోజు నుంచి మనసు మనసులో లేదు. పుంగనూరు బస్సులో కూర్చుంటే ఆ అంకె కనిపించేది. చివరికి ఆ విప్పిన ఫైలు ప్రింటు తీసుకుని, పది రోజుల కిందట మీ ఊరికి పోయాను. బైరెడ్డిపల్లెలో దిగి ఆటో పట్టుకున్నాను.

గంగులమ్మ అత్త నన్ను గుర్తు పట్టలేదు. చెప్పుకున్నాక లోపలికి రమ్మంది. చాకీ గదిలో ఇప్పుడు టమోటా క్రేట్లు పేర్చి ఉన్నాయి. ఆ తర్వాత ఆమె పురుగులు పెట్టనే లేదట. నేను కాగితం పరిచి, ఇది ఉండాలి, ఇది లేదు, తప్పు నాది అని చెప్పాను. ఆమె కాగితం వైపు చూడలేదు. ‘ఇదంతా నాకేం తెలుస్తాది తల్లీ. ఆ బిడ్డ తప్పు లేదంటాండావు, అంతే కదా’ అంది. అంతే అన్నాను. ‘ఆ యమ్మి నా వాకిట్లోకి వచ్చి అయిదేండ్లాయె. యాల రాలేదంటే నేను పిలవలేదు. నేను యాల పిలవలేదంటే నువ్వు చూపించిన కాగితాన్ని సూసి’ అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడం కూడా ఒక రకంగా ఆమెను ఓదార్చమని అడిగినట్టే అనిపించి, ఆపుకున్నాను. ‘నాకు చెప్పినావు సరే, బాలప్పకు చెప్పు పో’ అని తనే దారి చూపించింది.

మీ నాయన ఆవులకు నీళ్లు పెడుతున్నాడు. బక్కెట పక్కన పెట్టి మొత్తం విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ‘నువ్వు పరాయిదానివి. నేను కన్నోణ్ని. నేనూ నమ్మలేదు కదమ్మా’ అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చాక నిన్ను కూర్చోబెట్టి, నిజం చెప్పు అని మూడు సార్లు అడిగాడట. మూడోసారికి నువ్వు లేచి బట్టలు సర్దుకున్నావట. ‘పండగలకు వస్తాది, అన్నం తింటాది, పోతాది. ఆ మాట మాత్రం ఎత్తదు’ అన్నాడు. నా కళ్లలోకి చూడకుండానే, ‘ఆ పొద్దు అంత మంది ముందర అయింది. ఇది మన ఇద్దరి మధ్య అయితే సరిపోదు’ అన్నాడు.

మొన్న ఆదివారం మళ్లీ పోయాను. పాల సెంటరు వసారానే. పదకొండు ఇళ్లలో ఇద్దరు బెంగుళూరు పోయారు, ఒకాయన చనిపోయాడు, ఆయన కోడలు వచ్చింది. నిలబడి చెప్పాను. నీ పేరు చెప్పి, కుసుమ హీటర్‌ను నేరుగా కలపలేదు, మిషను ఆగకపోవడం నా తప్పు అని చెప్పాను. ఆబ్జ్‌డంప్ అంటే ఏందని ఎవరూ అడగలేదు. ఒకాయన మాత్రం, మరి ఆ పొద్దు కాగితం చూపించి సరిగ్గా ఉందన్నావు కదా, అప్పుడు తెలీదా అని అడిగాడు. పోయిన నెలలోనే తెలిసిందని చెప్పాను.

అప్పుడు మీ నాయన లేచాడు. కండువా భుజం మీదే ఉంచుకున్నాడు. ‘ఆ పొద్దు ఈడనే మీ అందరికీ దండం పెట్టినాను. నా బిడ్డ తప్పు చేసిందని నమ్మి పెట్టినాను. ఆ దండం ఈ పొద్దు యెనక్కి తీసుకుంటాండాను’ అన్నాడు. గంగులమ్మ అత్త లేచి పోయి ఆయన పక్కన నిలబడింది. నేను తల దించుకునే బయటికి వచ్చాను.

అత్త నీకు ఫోన్ చేస్తానంది. ఈపాటికి చేసే ఉంటుంది. ఆమె మీద కోపం పెట్టుకోకు. మీ నాయన మీద పెట్టుకోకు. వాళ్లిద్దరూ నమ్మింది నా వేలు కింద ఉన్న మూడు లైన్లను.

క్షమించమని అడగను. అడిగితే అదొక పని నీ నెత్తిన పెట్టినట్టవుతుంది. సమాధానం రాయకపోయినా నాకేమీ అనిపించదని కూడా రాయను, అనిపిస్తుంది. కానీ రాయొద్దు, నీకు రాయాలని ఉంటే తప్ప.

సిగ్గుతో,
షాహిదా.

తా.క. 19 ఫిబ్రవరి, బుధవారం.

కవరు అంటించుకుని పోస్టాఫీసు దాకా పోయాను. స్పీడు పోస్టు కిటికీ దగ్గర నా వంతు వచ్చింది. ఇవ్వలేక తిరిగొచ్చి కవరు చింపి ఇది రాస్తున్నాను. పైన రాసిందాంట్లో ఒక అబద్ధం ఉంది.

నాకు పోయిన నెలలో తెలియలేదు. ఆ రోజే తెలుసు.

పాల సెంటరు మీటింగుకు బయలుదేరే ముందు, పొద్దున తొమ్మిదికి, ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను. హీటర్ ఎందుకు ఆగలేదో నాకూ అర్థం కాలేదు. ఆబ్జ్‌డంప్ కొట్టి చూశాను. 1బి ఉంది, 81 లేదు. నమ్మలేక మూడు సార్లు కొట్టాను. పెన్‌డ్రైవు, తేదీలు, డెమో, అన్నీ అక్కడ కూర్చునే అర్థమయ్యాయి. తెర మూసేశాను. విప్పిన ఫైలును ప్రింటు తీయలేదు. కోడును తీశాను. అలారం ఉన్న కాగితం ఏదో, లేని కాగితం ఏదో తెలిసే ఎంచుకుని సంచిలో పెట్టుకున్నాను.

మరో సంగతి కూడా ఉంది. నువ్వు వెళ్లిపోయిన వారంలో మిగతా ఊళ్లలో ఉన్న ఆరు మిషన్లకూ, వేరే ఫోల్డరులో కొత్తగా కంపైల్ చేసిన ప్రోగ్రాము ఎక్కించి వచ్చాను. ఎందుకమ్మా అని సార్ అడిగితే చిన్న అప్‌డేట్ అన్నాను. వేరే వాళ్ల పురుగులు కాపాడాను. నిన్ను కాపాడలేదు. అర్చన ఆ ఫైలు బయటికి తీయకపోతే ఇప్పటికీ నోరు మెదిపేదాన్ని కాదు. ఇది రాసినోళ్లు చూసుకోలేదా మేడమ్ అని ఆ పిల్ల అడిగినప్పుడు కూడా, చూసుకోలేదు అనే చెప్పాను.

ఎందుకని నువ్వు అడుగుతావు. అబ్బాకు కళ్లు మసకబారుతున్నాయి, ఇంట్లో నా జీతమొక్కటే, అని నాకు నేను చెప్పుకునేదాన్ని. నీ ఇంట్లోనూ మొదటి ఉద్యోగం నీదే. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి ఆ కారణం చెల్లదు. భయపడ్డాను. తప్పు చేసినదాన్ని నేనని పదకొండు ఇళ్ల వాళ్లు నన్ను చూస్తారని భయపడ్డాను, నిన్ను చూస్తే ఊరుకున్నాను.

ఆ పొద్దు జీపులో నువ్వు నా పక్కనే కూర్చున్నావు. పలమనేరు దాటాక నా చెయ్యి పట్టుకుని, ‘నువ్వుండావు కదా షాహీ, నాకేం బయం లేదు’ అన్నావు. నీ చేతిలో ఉన్న నా చెయ్యి అప్పటికే ఆ కాగితాన్ని ఎంచుకున్న చెయ్యి.

వచ్చే ఆదివారం మళ్లీ మీ ఊరికి పోతున్నాను. పోయిన నెల అని చెప్పిన అబద్ధాన్ని అదే వసారాలో నిలబడి సరిచేస్తాను. ఈసారి మీ నాయన ఊరుకుంటాడని నేననుకోవడం లేదు. ఊరుకోకూడదు కూడా. వాళ్లకంటే ముందు నీకు తెలియాలని ఇప్పుడే పోయి దీన్ని పోస్టు చేస్తున్నాను.